తొమ్మిది సెకన్లు కోస్తే పద్నాలుగు వచ్చాయి

దయ్యాలూ గియ్యాలూ అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. కల్లూరులో ఇరవై ఏళ్లుగా మైకుసెట్టు, రికార్డింగు షాపు నడుపుతున్నవాణ్ని. నాటకాలవాళ్లు దయ్యం గొంతు కావాలని నా దగ్గరికే వస్తారు. మామూలు మనిషి గొంతును కాస్త లావు చేసి, ప్రతిధ్వని పెంచితే దయ్యం తయారు. పది నిమిషాల పని. అలాంటివాణ్ని ఎవడో చెబితే బెదిరిపోతానా? కాబట్టి ఇది కథ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, మీరే తేల్చండి.

మా అక్క పేరు ఉరుకుందమ్మ. అమ్మ చనిపోయేనాటికి నాకు ఐదేళ్లు. అప్పటినుంచి నన్ను సాకింది అక్కే. తల దువ్వింది, తన్నింది, బడికి ఈడ్చుకెళ్లింది. మద్దిలేటి బావను చేసుకుని కాపురానికి పోతూ నన్ను కూడా వెంటబెట్టుకుపోయింది. బావ దానికి ఒక్క మాట అనలేదు. ఆయన ట్రాలీ ఆటోలో ఉల్లిగడ్డలు వేసుకుని కోడుమూరు దారిలో పల్లెలు తిరిగి అమ్ముతాడు. వీధిలో అరిచి అమ్మమంటే మాత్రం సిగ్గుతో చచ్చిపోతాడు.

అందుకని ఆరేళ్ల కిందట అక్క నా షాపుకొచ్చి తన గొంతు రికార్డు చేయించింది. మైకు దగ్గర మెల్లగా మాట్లాడక్కా అంటే వింటేనా! "మెల్లగ జెప్తే గడ్డలెవురు కొంటార్రా?" అని గుమ్మం దాకా పోయి నిలబడి అక్కడినుంచి అరిచింది. మధ్యలో దగ్గు, నవ్వు, నామీద తిట్లు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. అందులో బాగున్న తొమ్మిది సెకన్లు సెలెక్ట్ చేసి, ఆ ముక్క మాత్రం వేరే ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను.

"ఎర్రగడ్డలూ! మంచి ఎర్రగడ్డలమ్మా! రాండి రాండి, బిన్నా రాండి!"

అంతే. అదే మళ్లీ మళ్లీ మోగుతుంది. ఎర్రగడ్డలంటే మా వైపు ఉల్లిగడ్డలే, బిన్నా అంటే తొందరగా. ఆటో మీద పెద్ద స్పీకరు బిగించిందీ నేనే.

పోయిన దసరాకు ముందు ఒక పొద్దున అక్క ఇంటి ముందే కుప్పకూలిపోయింది. పక్కింటివాళ్లు బావకు ఫోను మీద ఫోను చేశారు. నేనూ చేశాను. ఎత్తలేదు. ఆయన జేబులో ఫోను మోగుతూనే ఉంది, నెత్తిమీద అక్క గొంతు అరుస్తూనే ఉంది. ఆ అరుపులో ఆయనకు రింగు వినపడలేదు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలో అక్క రెండుసార్లు కళ్లు తెరిచి "ఆయప్ప యాడ?" అని అడిగింది. వస్తున్నాడక్కా అని అబద్ధం చెప్పాను. బావ వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఫోన్లో పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. దినాలు అయ్యాక బావ ఆ పెన్‌డ్రైవ్ పీకి కేసీ కాలువలో పారేశాడు. ఆటో బయటికి తీయడం మానేశాడు. ఒకప్పుడు ఆయన నన్ను తన ఇంట్లో పెట్టుకున్నట్టే ఇప్పుడు నేను ఆయన్ను నా ఇంట్లో పెట్టుకున్నాను. రెండు ముద్దలకే చేయి కడిగేసేవాడు. గట్టిగా అడిగితే ఒకటే మాట. "అది నన్ను అడుగుతా పాయింది. నేను గడ్డలు తూకమేస్తాంటి. నన్ను ఏమనుకోని పాయిందో." మనిషి సగమైపోయాడు. ఈయన కూడా నాకు దక్కడేమోనని భయం పట్టుకుంది.

ఈ ఏడు ఉగాది అయిన నాలుగో రోజు, మధ్యాహ్నంపూట షాపుకొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ గొంతు ఇంగా ఉండాదా నీకాడ?"

"ఉండాది బావా."

"ఒగతూరి ఇయ్యప్పా. ఇనకుండా ఉండలేకపోతాండా. ఇంటే ఏమైపోతానో అని భయం గూడా ఐతాండాది."

పాత ఫైలు తెరిచాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అక్క పోయాక ఆ ఇరవై రెండు నిమిషాలూ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎక్కడ దగ్గుతుందో, ఎక్కడ నన్ను గాడిదా అంటుందో అన్నీ నోటికొచ్చు. తెర మీద గొంతు ఉన్నచోట గీతలు పైకి లేస్తాయి, లేనిచోట పడుకుంటాయి. అరుపు మొదలైన చోటినుంచి అయిపోయిన చోటిదాకా మౌస్‌తో లాగాను. తొమ్మిది సెకన్లు. ఆ ముక్క మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్త పెన్‌డ్రైవ్‌లో వేసి, షాపులో ఉన్న స్పీకరుకు తగిలించాను.

అరుపు వచ్చింది. బావ కళ్లు మూసుకున్నాడు. అక్కడితో ఆగిపోవాలి. ఆగలేదు. చేటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు వినిపించింది. పొద్దునపూట అక్క ఎప్పుడూ చేట ముందరేసుకునే కూర్చునేది. ఆ తర్వాత ఆమె గొంతు వచ్చింది. అరుపు కాదు, ఇంట్లో మాట్లాడే గొంతు.

"అన్నీ అమ్ముకోనే రాప్పా. నేనేమీ అనుకోను."

నా చేయి మౌస్ మీదే ఉండిపోయింది. బావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి "మల్లా పెట్రా" అన్నాడు. పెట్టాను. మళ్లీ అదే మాట.

ఆయన వెళ్లాక కూర్చుని చూశాను. ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలు పద్నాలుగు సెకన్లుంది. తెర మీద నేను ఎంచుకున్న ముక్క ఇంకా నీలంగానే ఉంది, తొమ్మిదే. పాత ఫైల్లో దాని తర్వాత ఉండేది అక్క దగ్గు, నా విసుగు. ఆ రికార్డింగు పొడుగునా షాపు ఫ్యాను టకటకమంటూనే ఉంటుంది, ఈ ఐదు సెకన్లలో ఫ్యాను లేదు. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేశాను. నాలుగుసార్లు చేశాను. తొమ్మిదే వచ్చింది. వేరే ట్రాకు ఏమైనా కలిసిందా అంటే అక్కడ ఉన్నదే ఒక్క ట్రాకు. రికార్డు చేసిన రోజు బావ షాపుకు రానేలేదు. అక్క అప్పా అని పిలిచేది బావనే, నన్ను జన్మలో అలా పిలవలేదు, రేయ్ తప్ప నాకు ఇంకో పేరు లేదు.

ఈ పనిలో నాకంటే తెలిసినవాళ్లు ఇద్దరికి వినిపించాను. ఒకాయన వేరే రికార్డింగు కలిసి ఉంటుందన్నాడు. నా దగ్గర అక్క గొంతు ఇంకెక్కడా లేదు మొర్రో అంటే వినడు. రెండో ఆయన, నువ్వే తయారు చేసుంటావులే అని నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇచ్చిన టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. దయ్యం అనడానికి నోరు రాదు, ఆమె మా అక్క. బావ మర్నాడే ఆటో తీశాడు. చివరి ముక్క కోసేసి ఇస్తాను బావా అంటే వద్దన్నాడు. పల్లెల్లో ఆ పద్నాలుగు సెకన్లూ అలాగే మోగుతున్నాయి. పోయిన వారం నేనూ వెంట వెళ్లాను. గడ్డలు ఏరుకుంటున్న ఒక ముసలామె తలెత్తి స్పీకరు వైపు చూసింది.

"గడ్డలంటాంది సరే. ఆ కడాకు చెప్పే మాట ఎవురికప్పా?"

బావ తూకం ఆపాడు.

"నాకేనమ్మా. నా పెండ్లాము నాకు చెప్తాండాది."