వెర్నన్ జేబులో చెక్కముక్క

మా కెంటకీ కొండల్లో పిల్లలకు వేట నేర్పేటప్పుడు తుపాకీ మడమను, అంటే భుజానికి ఆనించే చెక్కను, కొంత కోసి పొట్టి చేస్తారు. కోసిన ముక్కను పారేయరు, బిడ్డ ఎదిగాక మళ్ళీ అతికిస్తారు. మా పక్కింటి వెర్నన్ కూడా కూతురు కార్లీన్ కోసం అలాగే కోశాడు. ఆ చలికాలమే కార్లీన్ జ్వరంతో పోయింది. గోడకున్న తుపాకీని చూసినప్పుడల్లా భార్య ఏడుస్తుంటే దాన్ని అమ్మేశాడు. ముక్కను మాత్రం దాచుకున్నాడు.

భార్య కూడా పోయాక, తుపాకుల సంత ఎక్కడ జరిగినా నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. "చెక్క తెచ్చావు సరే, మిగతా తుపాకీ ఏదయ్యా?" అని అమ్మేవాళ్ళు ఆటపట్టించేవారు. అతనూ నవ్వేసేవాడు.

మొన్న శనివారం అమ్మేసిన ఆ తుపాకీ దొరికింది. ముక్కను పక్కన పెట్టి చూస్తే చెక్కలోని చారలు అచ్చంగా కలిశాయి. బేరమాడకుండానే డబ్బు తీశాడు. అప్పుడు గాని మడమ చివర సరిగా చూడలేదు. వేరే చెక్క పలకలు మూడు, ఒకదాని మీద ఒకటి అతికించి ఉన్నాయి.

"మా అమ్మాయిదండీ. పొడుగైనప్పుడల్లా ఒకటి అతికించాను. ఇప్పుడు దానికే ఇద్దరు పిల్లలు," అన్నాడు అమ్మే మనిషి. "ఊడదీసి ఇమ్మంటారా?"

వెర్నన్ ఆ పలకలను వేలితో తడిమాడు.

"వద్దు బాబూ. ఇది పెరిగి పెద్దదైన పిల్ల తుపాకీ. ఆ మనవలకే ఉంచు."

బండెక్కాక ఆ చెక్కముక్కను ఒళ్ళో పెట్టుకుని, "ఇక సంతలకు వెళ్ళక్కర్లేదులే," అన్నాడు.