గుండ్రంగా తుడిచిన గాజు పలకలు

పారే నీటికీ కదలని రాతికీ క్రమం నియమించిన సృష్టికర్తకు స్తోత్రం. ఆయన కృపవల్లే పాఠం చెప్పి, ప్రయోగం చేసి, ఆరోగ్యంగా పదవీ విరమణ చేశాను.

1997లో విజయవాడలోని ఒక కళాశాలలో ఫిజిక్స్ రీడరుగా ఉండగా ద్రవస్ఫటికాల మీద చిన్న పరిశోధన ప్రాజెక్టు నాకు వచ్చింది. ద్రవస్ఫటికం నీళ్లలా పారుతుంది గాని, పుల్లల్లాంటి దాని అణువులు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. డిజిటల్ వాచీలో అంకెలు కనిపించేది దీనివల్లే. ఆ దిక్కును నిర్ణయించేది వాటిని తాకే గాజు ఉపరితలం. గాజు పలకకు పలుచని పాలిమర్ పూత వేసి, ఆరాక మఖమల్ గుడ్డతో ఒకే వైపుకు రుద్దుతాం. కంటికి కనిపించని ఆ జాడల వెంట అణువులు తాడు పట్టి వేసిన వరినాట్లలా వరుస కడతాయి. అలాంటి రెండు పలకలను కొద్ది సందుతో ఎదురెదురుగా అతికించి, మధ్యలోకి ద్రవం ఎక్కిస్తే దాన్ని సెల్ అంటాం.

ప్రాజెక్టులో నాతో పనిచేసే పరిశోధక విద్యార్థిని, అంటే ఫెలో, సునీత. ఆమె ఫెలోషిప్ రెండో ఏడూ కొనసాగాలంటే ప్రాజెక్టుకు డబ్బిచ్చే సంస్థ నుంచి మంగళవారం వచ్చే పరిశీలకుడికి సరైన సెల్ చూపించాలి. సీసాలో ద్రవం ఒక్క సెల్లుకే మిగిలింది.

శనివారం ఆమె పలకలు రుద్ది, బల్ల మీద ఉంచి భోజనానికి వెళ్లింది. మా ల్యాబ్ అటెండరు ప్రభుదాసు గారు భవానీపురంలో మా క్రైస్తవ సంఘానికి పెద్ద కూడా. ప్రభువు బల్ల ఆరాధనలో ద్రాక్షరసం పంచే చిన్న గాజు గ్లాసులు తుడిచేది ఆయనే. పలకలు మసగ్గా కనిపించేసరికి పొడిగుడ్డతో వాటినీ మెరిసేలా తుడిచిపెట్టారు. ఆ సంగతి మాకు తెలియదు. సునీత సెల్ కట్టి ద్రవం ఎక్కించేసింది.

ఒకే దిక్కున కంపించే వెలుగును మాత్రమే వదిలే రెండు పోలరాయిడ్ రేకులను ఒకదానికొకటి అడ్డంగా నిలిపి, వాటి మధ్య సెల్‌ను దీపానికి ఎదురుగా పెట్టాం. సెల్‌ను తిప్పేకొద్దీ అంతా ఒక్కసారే చీకటి కావాలి, ఒక్కసారే వెలగాలి. మాకు కనిపించింది వేరు: వెలుగు మధ్యలో నల్లని శిలువ.

"సారూ, శిలువండీ! స్తోత్రం ప్రభువా! రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్తానండి" అన్నారు ప్రభుదాసు గారు.

"మీ సాక్ష్యం సరే బాబాయ్ గారూ, మంగళవారం నేనేం చెప్పాలి?" అంది సునీత.

అది సూచనేమోనని నాకూ ఒక క్షణం అనిపించింది. కాని ఏ సూచననైనా పరీక్షించాకే నమ్మాలని సండే స్కూల్లోనే నేర్చుకున్నాను. సెల్‌ను తిప్పాను. శిలువ కదల్లేదు.

"చూశారా! తిప్పినా తిరగదండీ!"

ఈసారి సెల్‌ను వదిలి, రెండు పోలరాయిడ్లనూ కలిపి తిప్పాను. శిలువ వాటితోపాటు తిరిగింది. అంటే శిలువ చేతులు పోలరాయిడ్లవి. సెల్‌ను ఎటు తిప్పినా ఒకేలా ఉన్నదంటే గాజు మీద ఉన్నవి వలయాలు; వలయంలో అణువుల దిక్కు పోలరాయిడ్ల దిక్కుతో కలిసిన నాలుగు వైపులా చీకటి పడి శిలువైంది. పలకలు ఎవరు ముట్టుకున్నారని అడిగాను.

"నేనేనండి. మసగ్గా ఉంటే తుడిచానండి, మన గ్లాసులు తుడిచినట్టే." బొటనవేలితో గుడ్డను గుండ్రంగా తిప్పి చూపించారు.

"నా కొంప ముంచారు కదా!" అంది సునీత.

"తుడవకపోతే మురికంటారు, తుడిస్తే కొంప ముంచానంటారు. ఎట్టా చచ్చేదమ్మా?"

వేరే సెల్ కట్టడానికి ద్రవం లేదు. మంగళవారం సునీత ఆ సెల్‌నే పరిశీలకుడి ముందు పెట్టి, తుడిచిన సంగతితో సహా జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన సెల్‌ను తిప్పారు, పోలరాయిడ్లు తిప్పారు, తర్వాత ప్రభుదాసు గారిని పిలిపించి ఎలా తుడిచారో చూపించమన్నారు. చూసి నవ్వారు. ఉపరితలం ఎలా చెబితే అణువు అలా వింటుందని ఇంతకంటే సూటిగా ఎవరు చూపిస్తారమ్మా అన్నారు. ఫెలోషిప్ కొనసాగింది. రెండో ఏడు సునీత కావాలనే వలయాలుగా, వంపులుగా రుద్దిన పలకల మీద పనిచేసింది.

తర్వాతి ఆదివారం ప్రభుదాసు గారు లేచి, తాను శిలువ అనుకున్నది తన గుడ్డ జాడేనని, అయినా పిల్ల పని నిలబడిందని సాక్ష్యం చెప్పారు. సంఘమంతా నవ్వి ఆమేన్ అంది.

ఊహించని ఫలితం వస్తే పారేయకూడదు, పూజించకూడదు. ఆ ఉపరితలాన్ని ఏ చేయి తాకిందో ముందు విచారించాలి. నేను నేర్చుకున్నది ఇదే. చదువుతున్న మీరూ నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, చూసినదాన్ని చూసినట్టు చెప్పే నోరు మాకు దయచేయి. ఆమేన్.