రెండు చేతుల నాడి

తుపాను తీరం దాటిన మర్నాడు ఉదయం మా ఆర్మీ కాలమ్ విశాఖ వన్ టౌన్‌లో దిగింది. ఊరు నాకు కొత్త కాదు, గాజువాకలో పుట్టి పెరిగినవాణ్ణి. యూనిఫాంలో, డ్యూటీ మీద రావడం మాత్రం అదే మొదలు. గాలి తగ్గింది. వాన ఆగలేదు. కరెంటు స్తంభాలు సందుల్లోకి ఒరిగిపోయాయి. పోర్టు వైపు నుంచి డీజిలు వాసన.

ఒక బడిలో వైద్య శిబిరం పెట్టాం. కెప్టెన్ డాక్టరు, వైర్‌లెస్ ఆపరేటరు, డ్రైవరు, నర్సింగ్ అసిస్టెంటుగా నేను. కెప్టెన్ హిందీలో ఆర్డరిచ్చాడు. "పెద్దవాళ్ళందరికీ బీపీ చూడు. రెండు చేతులకీ చూడు. నాడి కూడా."

చాలామందికి బీపీ ఎక్కువే ఉంది. మాత్రలు నీళ్ళలో పోయాయి. రాత్రంతా నిద్ర లేదు.

అప్పలరాజు మంచినీళ్ళ కోసం వచ్చాడు. పోర్టులో కలాసీ. భార్య రమణమ్మ అతన్ని నా బెంచీ దగ్గరికి లాక్కొచ్చింది.

"పొద్దున్నించీ యీపు నొప్పంతన్నాడు బాబూ. ఓపాలి సూడు."

"రేకులు మోసినాను, పట్టేసింది. దానికి బీపీ ఏటే?" అని విసుక్కుంటూనే కూర్చున్నాడు. "నీదే ఊరు బావా?"

"గాజువాక."

"మనోడివే. బేగి కానీ. ఇంటి మీద టార్పాలిన్ కట్టాల."

కుడిచేతికి నూట తొంభై. ఎడమచేతికి నూట పది. మిషన్ తప్పేమోనని మళ్ళీ చూశాను. అదే వచ్చింది. రెండు మణికట్లూ ఒకేసారి పట్టుకున్నాను. కుడి నాడి నా వేళ్ళను తోస్తోంది. ఎడమది అందీ అందనట్టుంది.

కెప్టెన్‌ను పిలిచాను. ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"గుండె తోసిన అల ఎడమచేతిదాకా సరిగ్గా రావడం లేదు. పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగి ఉండాలి. ఆపరేషన్ కావాలి. నడవనివ్వకు."

వైర్‌లెస్‌లో దారి అడిగితే జవాబు వచ్చింది. "ఆసుపత్రి రోడ్డు బంద్. చెట్లు కోస్తున్నారు. ఓవర్."

"పేషెంటుతో వస్తున్నాం. దారి ఇవ్వండి. ఓవర్."

బీపీ తగ్గడానికి కెప్టెన్ ఇంజెక్షన్ ఇచ్చాడు. అప్పలరాజును స్ట్రెచర్ మీద బండెక్కించాం. రమణమ్మ ముందు, డ్రైవరు పక్కన కూర్చుంది. వెనక కెప్టెనూ నేనూ. అతని కుడిచెయ్యి పట్టుకున్నాను. చెట్టు అడ్డొచ్చిన ప్రతిచోటా ఆగాం. జవాన్లు రంపాలతో కోస్తున్నారు. వాన టాపు మీద కొడుతోంది.

"సచ్చిపోతానేటి బావా?"

"లేదు బావా. దారి తీత్తన్నారు."

"దానికి సెప్పకు. బయపడతాది." కళ్ళు మూసుకున్నాడు. "టార్పాలిన్ ఎవులైనా కడతారా?"

"నాను కడతాను."

ఆసుపత్రి మలుపు కనబడుతుండగా కుడిచేతి నాడి కూడా ఆగింది. గేటు దాటేదాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాను. లోపల డాక్టర్లు ప్రయత్నించారు. కాసేపటికి కెప్టెన్ బయటికొచ్చి టోపీ తీశాడు.

మర్నాడు డ్రైవరూ నేనూ వెళ్ళి ఆ ఇంటి మీద టార్పాలిన్ కట్టాం. వరద నీళ్ళు తగ్గాక కాలమ్ వెనక్కి బయల్దేరింది. సర్వీసు ముగించుకుని ఇప్పుడు గాజువాకలోనే ఉంటున్నాను. ఎక్కడెక్కడ చేశావని జనం అడుగుతారు. మంచుకొండల గురించి వినాలని వాళ్ళ ఆశ. నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఆసుపత్రి వరండా.

స్ట్రెచర్ పక్కన నేల మీద రమణమ్మ. భర్త మణికట్టు మీద బొటనవేలు గట్టిగా అదిమిపెట్టింది.

"కొట్టుకుంతంది బాబూ. ఇదుగో. ఆళ్ళకి తెల్దు. నువ్వు సూడు."

బొటనవేలికి సొంత నాడి ఉంటుంది. అందుకే మేం దానితో చూడం. ఆమెకు తగులుతున్నది ఆమె గుండే. పక్కన కూర్చున్నాను. ఆమె వేలు తియ్యలేదు.