పత్తి గదిలో అవ్వ పాట

మా దగ్గర తల్లిని అవ్వ అంటాం. మా అవ్వ నర్మెట్ట చుట్టుపక్కల నాట్లకు పోయే ఆడవాళ్లలో ముందు పాట పాడేది. ఆమె ఒక వరుస పాడి వదిలితే, వెనక వాళ్లంతా దాన్ని ఎత్తుకునేవాళ్లు. పాట ఆగితే నాటు కూడా నెమ్మదిస్తుంది కాబట్టి, పొలం గలవాళ్లు ముందుగా మా ఇంటికే కబురు పంపేవారు.

ఎనభైల్లో ఒక యాసంగి నాట్లకు ముందు ఆమె గొంతు కింద గడ్డ పెరిగింది. వరంగల్ పెద్ద దవాఖానలో చూపిస్తే కోసి తీయాలన్నారు. ఆ తర్వాత గొంతు ఎట్లా ఉంటుందో ముందే చెప్పలేమన్నారు.

"పానం ఉంటే సాలు తీ" అంది అవ్వ.

బాధంతా నాది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. మనవరాలు బడికి పోయే వయసులో నేను చదువు నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచి అవ్వ వెనక పాడినదాన్నే అయినా, నాకు వచ్చింది ఎత్తుకునే వరుస మాత్రమే. ముందుకు నడిపే మాటలన్నీ ఆమె నోట్లోనే ఉన్నాయి. గొంతు పోతే అవి కూడా పోతాయి.

భీవండిలో మగ్గాల మీద పనిచేసే మా తమ్ముడు అవ్వను చూడడానికి వచ్చాడు. వస్తూ వస్తూ టేప్ రికార్డర్ తెచ్చాడు. కొత్త క్యాసెట్ దొరకలేదని, తను ప్రాణంగా చూసుకునే సినిమా పాటల క్యాసెట్‌నే తీశాడు. దాని వీపు మీద రెండు గుంటలుంటాయి. అవి ఖాళీగా ఉంటే, కొత్తగా పాట పట్టే ఎర్ర మీట కిందికి దిగదు. కాగితం ముద్దలు చేసి ఆ గుంటల్లో కుక్కాడు.

"గీ పాటలన్ని చెరిగిపోతయి గదరా" అన్నాను.

"పోతే పోనీ అక్కా. గవి బజార్ల దొరుకుతయి. అవ్వ పాట ఏ బజార్ల దొరుకుతది?"

ముందు నడింట్లో కూర్చోబెట్టి చూశాం. ఉత్త గోడలు కదా, మాట బావిలో నుంచి వచ్చినట్టు వినిపించింది. కరెంటు మీద నడిపితే లోపల గుయ్యిమని ఒకటే మోత. అందుకని సెల్లు వేసి, ఆ ఏడు ఏరిన పత్తి పోసిన గదిలోకి మారాం. పైకప్పు దాకా పత్తి కుప్ప. అక్కడ మాట్లాడితే మాట ఎటూ తిరగకుండా మన ముందే నిలబడుతుంది. తమ్ముడు మురిసిపోయాడు. కోళ్లను గంప కింద మూయించాడు, ఎడ్ల మెడల్లో గంటలు విప్పించాడు, వాకిట్లో ఎవరూ దగ్గకూడదన్నాడు.

అవ్వ ఒక వరుస పాడింది. ఆగింది. టేపు తిరుగుతూనే ఉంది. ఆమె మా ముఖాల వంక చూస్తోంది. తమ్ముడు చెయ్యి ఊపి "పాడు, పాడు" అని సైగ చేశాడు. మళ్లీ అదే వరుస పాడి మళ్లీ ఆగింది. ఇంకోసారీ అంతే. గడ్డ అప్పుడే గొంతును మింగేసిందనుకున్నాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తమ్ముడు టేపు ఆపాడు. "ఏందవ్వా, మర్సిపోయినవా?"

"మర్సిపోయిందెవ్వరురా? నేనిడిస్తే ఎత్తుకునేటోళ్లేరి? నోట్లె మట్టి కొట్టుకున్నట్టు ఇద్దరు గుడ్లు మిటకరిస్తున్నరు. ఒక్కదాన్నే పాడుకుంటె పిస్సిదంటరు!"

నా ఏడుపు నవ్వయింది. ఊరంతటినీ మూగగా చేసి, పది నోళ్ల మీద నడిచే పాటను ఒక్క నోట రమ్మన్నాం. గడప దాటి వాడకట్టు ఆడవాళ్లను పిలుచుకొచ్చాను. ఇంటి పనులు ఎక్కడివక్కడ వదిలేసి వచ్చారు. పిండి అంటిన చేతులతో ఒకామె, చంకలో పిల్లతో ఒకామె.

అయితే వాళ్లు ఎత్తుకోగానే అవ్వ గొంతు మునిగిపోయింది. పెద్ద మోత పడితే ఆ టేపు పెట్టె తనంతట తానే ధ్వని తగ్గించుకునేదట. మోత ఆగాక కూడా అవ్వ గొంతు కాసేపు ఎక్కడో దూరం నుంచి వినిపించేది. అప్పుడు పెట్టెను అవ్వ మోకాలి దగ్గర పెట్టి, మిగతావాళ్లను వెనక్కి జరిపాం. అందరికంటే పెద్ద గొంతు మా పెద్దమ్మది. ఆమెను పత్తి కుప్ప అవతలికి పంపాడు తమ్ముడు.

"ఏందిరా, నన్ను పత్తిల పాతిపెడుతున్నవా? మీ అవ్వకు దవాఖాన, నాకు గిదా?" అని అక్కడి నుంచే అరిస్తే అందరూ నవ్వారు.

ఆ నవ్వు కూడా టేపులో పడింది. దాని వెంటనే అవ్వ పాట మొదలైంది. కూర్చున్న చోటే ముందుకు వంగి, కుడిచేత్తో గాలిలో నారు నాటుతూ పాడింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఒక పక్క నిండాక రెండో పక్క వేశాం. అది కూడా నిండాక తమ్ముడు ఆ కాగితం ముద్దలు పీకి పారేశాడు, ఇంక ఎవరూ పొరపాటున చెరపకుండా.

దవాఖాన నుంచి అవ్వ క్షేమంగా వచ్చింది. దానికి నేను ఎంతమందికి మొక్కినా తక్కువే. గొంతు మాత్రం బొంగురుపోయింది, పై వరుస అందడం లేదు. మరుసటి నాట్లకు పిలిచినప్పుడు "ముందు పాడెటోళ్లను సూసుకోండ్రి" అని తనే చెప్పింది. వాడకట్టు ఆడవాళ్లు ఒప్పుకోలేదు. తమ్ముడు మాకే వదిలి వెళ్లిన పెట్టెను పెద్దమ్మ నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చి పొలం ఒడ్డు మీద పెట్టింది.

మీట నొక్కాను. టేపులో అవ్వ ఒక వరుస పాడి వదిలింది. బురదలో నా పక్కన, నారు పట్టుకున్న అవ్వ, ఆ బొంగురు గొంతుతోనే మా అందరితో కలిసి ఎత్తుకుంది.