పెత్తరమాస నాడు పెద్దనాయిన పేరు

మొన్న వానలో తడిసిన ఉన్ని శాలువా కప్పుకొని, బీహారు నుంచి వచ్చిన కార్మికుడొకాయన మా కంపెనీ బస్సులో నా ముందు సీట్లో కూర్చున్నాడు. బొల్లారం దాకా కిటికీలన్నీ మూసే ఉన్నాయి. మందుల కంపెనీల ఘాటుకు ఇన్నేండ్లుగా మొద్దుబారిపోయిన నా ముక్కు కూడా ఆ తడి ఉన్ని వాసనను ఇట్టే పట్టేసింది. అది మా పెద్దనాయిన మిలిటరీ కంబలి వాసన. నేను దిగాల్సిన గేటు దాటిపోయేదాకా లేవలేదు.

మాది కొండాపూర్ దగ్గర పల్లె. మా నాయినకు అన్న అయిన పెద్దనాయిన పెండ్లి చేసుకోకుండా మా ఇంటి వసారాలోనే ఉండేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు మామిడికాయ ముక్కలకు ఉప్పుకారం అద్దుకుంటూ మేం అష్టాచెమ్మా ఆడుతుంటే, ఆయన చెమటలు కారుతున్నా ఆ కంబలి మోకాళ్ల మీది నుంచి తీయకుండా మా గవ్వలు లెక్కపెడుతూ, దొంగాట ఆడినవాళ్లను కనిపెట్టి పట్టిచ్చేవాడు. ఎడమ కాలికి రెండే వేళ్లుండేవి. తక్కినవి మంచు తిన్నదనేవాడు. మంచంటే ఏదో జంతువనుకొని నేను చాన్నాళ్లు భయపడ్డాను.

యుద్ధం వచ్చినప్పుడు ఆయన ఉన్నది సరిహద్దు కొండ మీద, రాళ్లు పేర్చి కట్టిన రెండు గదుల్లో. హవల్దారు కింద పన్నెండు మంది జవాన్లు. కంచరగాడిదలు ఎక్కగలిగినంత మేర సామాను వచ్చేది, అక్కడి నుంచి వీపుల మీద మోసుకునేవాళ్లు. మంచు కరగబెట్టుకొని తాగేవాళ్లు, కిరసనాయిలు పొగ వాసన కొట్టే రొట్టెలు తినేవాళ్లు. కాల్పులు మొదలైన నాలుగో రోజుకు కింది దారి తెగిపోయింది. రోజూ పొద్దున హవల్దారు పేర్లు పిలిస్తే ఒక్కొక్కరు హాజర్ అనాలట. చివరి పొద్దున కూడా ఆయన పన్నెండు పేర్లూ పిలిచాడు, పోయినవాళ్లవి సహా ఒక్కటీ వదలకుండా. పలికింది ముగ్గురే. అందులో పెద్దనాయిన ఒకడు. మధ్యాహ్నానికి శత్రువులు వాళ్లను పట్టుకుపోయారు.

ఇంటికి మాత్రం ఆచూకీ లేదని ఒక కాగితం వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఇంతలో పెత్తరమాస వచ్చింది. మా దిక్కు ఆ అమావాస్య నాడు పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, చాటలో బియ్యం, పప్పు, చింతపండు, గుమ్మడి ముక్క పెట్టి పూజలు చేయించే అయ్యగారికి ఇస్తారు. ఇయ్యకపోతే ఆ జీవుడు ఏడాదంతా పస్తుంటాడని నమ్మకం. కొడుకు ఉన్నాడో లేడో తెలియని నాయినమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"బతికుంటే ఎవరన్న ఇంత బువ్వ పెడ్తరు. సచ్చిపోతె మనమే గద పెట్టాలె" అని చివరికి కొడుకు నర్సిములు పేరున బియ్యం ఇప్పించింది. ఆ చలికాలంలోనే శత్రువులు ఖైదీలను విడిచిపెడితే నర్సిములు కుంటుకుంటూ వాకిట్లోకి వచ్చాడు.

సచ్చినవాళ్లలో చెప్పిన పేరుతో బతికినవాణ్ని పిలవడానికి ఊరు జంకింది. పెద్దమనుషులు, అయ్యగారు కూర్చొని ఆలోచించి, ఇరవై ఏడేండ్ల మనిషికి తలంటు పోసి, పసిపిల్లకు కట్టినట్టే తొట్టెల కట్టి, బాలయ్య అని పేరు పెట్టారు. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్వారట. ఇదంతా నేను పుట్టకముందు సంగతి, అమ్మ చెప్పగా విన్నది.

నేను చూసింది ఆ తర్వాతిది. ప్రతి పెత్తరమాసకూ నర్సిములు పేరున బియ్యం పోతూనే ఉండేది. "మొదలువెట్టినంక ఆపొద్దు. ఆ పేరు మీది గండం మల్ల ఇంట్లకొస్తది" అనేది నాయినమ్మ. మేం తంగేడు, గునుగు పూలు తెచ్చి ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకుంటూ, గారెల వాసనకు లొట్టలేస్తుంటే, పెద్దనాయిన గడప పక్కన కూర్చొని తన పేరున చాట లేవడం చూసేవాడు. ఆ పూట ఆయన గారె ముట్టగా నేను చూడలేదు.

బాలయ్యా అంటే మొదటి పిలుపుకు ఎన్నడూ పలకలేదు. బాంబులకు చెవులు పోయాయనేవాళ్లు. నేను చప్పుడు చేయకుండా బెల్లం డబ్బా మూత తీస్తే మాత్రం వసారాలోంచి దగ్గేవాడు. నాయినమ్మ మంచాన పడ్డప్పుడు ఆమె కాళ్ల దగ్గర కూర్చొని, "అవ్వా, ఒక్కపారి నర్సిములూ అని పిలువే" అని బతిమాలాడు. ఆమె కొడుకు చెయ్యి పట్టుకొని వలవలా ఏడ్చింది గాని నోరు విప్పలేదు. మా నాయినా పిలవలేదు.

నాకు పన్నెండేండ్లప్పుడు పెద్దనాయినకు జ్వరం తగులుకుంది. అందరూ నాట్లకు పోయారు, ఇంట్లో నేనొక్కదాన్నే. దగ్గరికి రమ్మన్నాడు.

"బిడ్డా, ఆ కొండ మీద హవల్దారు పిలిచిందే ఆఖరు. నువ్వన్న పిలువు. పెద్దోణ్నని సూడకు."

పేరు గొంతు దాకా వచ్చింది. పిలిస్తే ప్రాణం పోతుందని, పోతే అందరూ నన్నే అంటారని భయమేసింది.

"నీళ్లు తాగుతవా పెద్దనాయినా?" అన్నాను.

"తే బిడ్డా" అన్నాడు. మూడో రోజు పొద్దున పోయాడు. పిలవకున్నా పోయాడు. ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఇప్పుడు మా నాట్ల పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. వసారా పడగొట్టి గదులు కట్టి, కంపెనీల్లో పనికొచ్చినవాళ్లకు కిరాయికిచ్చాం. అమ్మానాయినలు పోయారు. పోయినేడు పెత్తరమాసకు కొత్త అయ్యగారు ఫోన్లో రాసుకున్న పేర్లు చదువుతూ ఒకచోట ఆగి, "నర్సిములు, బాలయ్య... ఈ ఇద్దరు అన్నదమ్ములా అమ్మా?" అని అడిగాడు.

కాదని చెప్పేవాళ్లు ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. అవునన్నాను.