మామయ్య మింగిన టీ

మా మామయ్యది టీపొడి కంపెనీలో టీ రుచి చూసే ఉద్యోగం. చెంచాడు టీ సర్రున పీల్చాలి, నోరంతా తిప్పాలి, తొట్టిలో ఉమ్మాలి, తీర్పు చెప్పాలి. ఏళ్ల తరబడి రోజుకి వందల గిన్నెలు రుచి చూశాడే గానీ, ఒక్క గుటక వేసిన పాపాన పోలేదు. ఇంట్లోనూ అదే చాదస్తం. అత్తయ్య టీ ఇస్తే పుక్కిలించి, వంటింటి సింకులో తుపుక్కుమని ఉమ్మి, "ఎక్కువ మరిగింది" అనేవాడు. ఇక ఆ రోజుకి అదే మాట. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు మూతి బిగించుకునేవాడు.

ఒక్క గ్లాసైనా ఈ మనిషి గొంతు దిగాలని అత్తయ్య పంతం. మంచుకొండల వాళ్లు తాగుతారని వెన్న, ఉప్పు వేసింది. ఎడారి వాళ్లు తాగుతారని పుదీనా కుక్కింది. అన్నీ సింకు పాలే. "లోకంలో టీలన్నీ తాగిన అదృష్టం మా సింకుదే" అని, వాళ్లింట్లో ఉండి చదువుకుంటున్న నా దగ్గర ఏడ్చేది. నవ్వాలో ఓదార్చాలో తెలిసేది కాదు.

ఒకసారి మామయ్యకు జలుబు చేసింది. ముక్కు దిబ్బడ, రుచీ పచీ లేదు, ఉద్యోగానికి సెలవు. గొంతు నొప్పికి వేడిగా ఉంటుందని, సాయంత్రం అత్తయ్య ఇచ్చిన పెద్ద గ్లాసు టీ గటగటా తాగేశాడు.

"ఒసేయ్, మీ మామయ్య మింగారే!" అంటూ అత్తయ్య నన్ను కావలించుకుంది.

సంబరం కాసేపే. పొద్దుటి నుంచీ మన మెదడులో నిద్ర తెప్పించే సరుకొకటి పోగవుతుందట. అది కూర్చోవలసిన కుర్చీల్లో టీలోని కెఫీన్ ముందే తిష్ట వేస్తుంది. రోజూ తాగేవాళ్ల మెదడు తెలివిగా ఆ సరుకు కోసం అదనపు కుర్చీలు వేసుకుంటుంది. ఎన్నడూ గుటక వెయ్యని మామయ్యకు ఆ ఏర్పాటేదీ? ఇక చూడాలి మా తిప్పలు! నిద్ర ఎగిరిపోయింది, నోటి తాళం ఊడిపోయింది. బడిలో బెంచీ ఎక్కిన సంగతి, మేనేజరంటే వణుకు సంగతి, పెళ్లికి ముందు అత్తయ్య వాళ్ల వీధిలో ఊరికే తిరిగిన సంగతి, అన్నీ కక్కేశాడు. అత్తయ్య నవ్వింది, ఏడ్చింది, చివరికి "మీకో దండం, పడుకోండి" అంది.

వారం తిరిగేసరికి ముక్కు తెరుచుకుంది, మూతి మూసుకుంది. అత్తయ్య భయంభయంగా టీ ఇచ్చింది. మామయ్య సర్రున పీల్చి, సింకు దాకా నడిచి, బుగ్గలు ఉబ్బించుకుని నిలబడ్డాడు. మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. కళ్లు మూసుకుని గుటక వేశాడు.

"బాగాలేదు" అన్నాడు. "కానీ ఆ రాత్రి నీతో మాట్లాడటం బాగుంది. రోజూ ఇస్తూండు."

అత్తయ్య చెవికెక్కింది మొదటి మాటే. "బాగాలేదా!" అని గిన్నెలన్నీ సింకులో ఎత్తిపడేసి తోమసాగింది. మిగతా మాటలు బుర్రకెక్కేసరికి ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు. తడి చేతులతోనే గుమ్మం దాకా పరుగెత్తింది.

"ఏమండీ, ఇందాక ఏమన్నారు? ఇంకోసారి అనండి."