పేరు చివర ‘గారు’

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. కాకినాడలోనే ఇంజనీరింగు పూర్తిచేసి, మెయిన్ రోడ్డుకి రెండు సందుల వెనక, చెప్పుల షాపు మేడ మీద ఉన్న ఒక చిన్న ఆఫీసులో చేరి అప్పటికి నాలుగు నెలలైంది. ఆఫీసంటే మేం నలుగురం, ఒక ఏసీ (దానికి బుద్ధి పుట్టినప్పుడే పనిచేసేది), గోడకి ఒక తెల్లబోర్డు. చుట్టుపక్కల స్కూళ్ళకి సాఫ్ట్‌వేర్ రాసిపెట్టడం మా పని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, నేను ఆ బోర్డు మీద ఒక పెట్టె గీసి బాణం పెడితే లోకమంతా ఆ బాణం వెంటే నడుస్తుందని నిజంగానే నమ్మేదాన్ని.

మాకున్న పెద్ద కస్టమరు ఒక ప్రైవేటు స్కూలు. కాకినాడ, పిఠాపురం, తుని, మూడు చోట్లా బ్రాంచీలు. హాజరు, మార్కులు, పరీక్ష పేపర్లు, చివరికి గంట కొట్టడం కూడా మా సర్వరే చూసుకునేది. టైమవగానే వరండాలో స్పీకరు మోగేది. ఇదంతా రాసినాయన నేను చేరకముందే బెంగుళూరు వెళ్ళిపోయాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని అన్నయ్య అనేవాళ్ళు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. అన్నయ్య రాసిన దాంట్లో మనుషులు రెండే రకాలు, అడ్మిన్లూ కానివాళ్ళూ. అడ్మిన్ అయితే ఏదైనా మార్చొచ్చు, కాకపోతే చూసి ఊరుకోవాలి. ఆరేడేళ్ళు ఏ గొడవా లేకుండా అలాగే నడిచింది.

గొడవ ఒక బుధవారం వచ్చింది. పొద్దున్నే మూడు బ్రాంచీల తల్లిదండ్రుల ఫోన్లకీ ‘ఈరోజు సెలవు’ అని మెసేజీ వెళ్ళింది. టీచర్లు మాత్రం వచ్చి, కాసేపు ఖాళీ బెంచీల వంక చూసి, ఎవరూ ఎవరినీ ఏమీ అడక్కుండా జాగ్రత్తగా ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఈ సెలవు ఇచ్చిందెవరా అని నేను సర్వర్లో వెతికితే, పిఠాపురం బ్రాంచిలో ఎల్కేజీ చదువుతున్న ఒక పిల్లవాడని తేలింది. తాతగారి ఫోన్‌లో స్కూలు యాప్‌తో ఆడుకుంటూ కనిపించిన బటన్ నొక్కాడు. అసలు వాడికి ఆ బటన్ ఎందుకు కనిపించిందని కోడ్ తెరిచి చూశాను. అడ్మిన్ ఎవరో తేల్చే చోట ఒకే ఒక్క వరుస ఉంది. పేరు చివర ‘గారు’ ఉంటే అడ్మిన్, లేకపోతే కాదు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. మొదట్లో ఆ స్కూల్లో కంప్యూటరు ముట్టుకునేది కరస్పాండెంటు గారూ ప్రిన్సిపాల్ గారూ ఇద్దరేనట, ఇద్దరి కోసం వేరే జాబితా ఎందుకని అలా కానిచ్చేశాడట. “పెద్దవాళ్ళనే కదమ్మా మనం గారు అంటాం” అన్నాడు. ఆ లెక్క ఇంకే ఊళ్ళోనైనా సరిపోయేదేమో. మా వైపు గారు అనిపించుకోనివాళ్ళు ఎవరున్నారు కనక? పైగా పిఠాపురంలో కూర్చుని మూడు బ్రాంచీల పేర్లూ ఎక్కించే గుమాస్తా మేడం గోదావరి జిల్లాల మర్యాదంతా తన ఒక్కదాని మీదే ఉందనుకునే మనిషి. డ్రైవరు గారు, ఆయా గారు, వాటర్ క్యాన్ గారు (ఆయన అసలు పేరు ఆవిడకి తెలియదు). ఆ ఎల్కేజీ వాణ్ణి ఇంట్లో ముద్దుగా చిన్నబాబుగారు అంటారట, తాతగారు ఫారంలో అదే రాశారు, ఈవిడ అదే ఎక్కించింది. తీరా చూస్తే స్కూల్లో పనిచేసేవాళ్ళలో అడ్మిన్ కానివాళ్ళు నలుగురో అయిదుగురో, వాళ్ళలో గుమాస్తా మేడం ఒకరు. తన పేరుకి తనే గారు తగిలించుకుంటే బాగుండదని ఊరుకుందట. ఏదైనా మార్చాల్సి వస్తే డ్రైవరు గారి లాగిన్‌లోంచి మార్చుకునేది.

వచ్చే సోమవారం నుంచి అర్ధ సంవత్సర పరీక్షలు. పేపర్లన్నీ సర్వర్లోనే ఉన్నాయి. ఎల్కేజీ పిల్లవాడు పదో తరగతి లెక్కల పేపరు తెరవగలడని బయటికి తెలిస్తే పరువు పోతుందని కరస్పాండెంటు గారు మా బాస్‌ని పట్టుకున్నారు. బాస్ నన్ను పట్టుకున్నారు. నేను ఎదురుచూస్తున్నదే అది. ఎవరు చేసే పనిని బట్టి వాళ్ళకి ఒక పాత్ర, ఏ పాత్రకి ఏయే అనుమతులో ఒక పట్టిక, ఇక పేర్లతో పనిలేదని బోర్డు నిండా పెట్టెలు గీసి అరగంట ఉపన్యాసమిచ్చాను. గుమాస్తా మేడం ఫోన్లో అంతా విని, “పాత్రంటే నాటకంలో ఉంటుంది, అదేనాండి? వంటింట్లోది కాదు కదా” అని మాత్రం అడిగింది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, అమ్మ చేసిన కోడికూర తిని ఆఫీసుకి వెళ్ళాను. ప్రిన్సిపాల్, టీచరు, గుమాస్తా, డ్రైవరు, తల్లిదండ్రులు అని పాత్రలు తయారుచేసి ఒక్కొక్క పేరూ అందులో వేసుకుంటూ పోయాను. ఎందులోనూ ఇమడని వాళ్ళ కోసం ‘మిగతావారు’ అని ఇంకొకటి పెట్టాను. పిఠాపురం జాబితాలో ‘గంట మాస్టారు గారు’ అని ఒక పేరు తగిలింది. టీచరేమోనని మేడంని అడిగితే, కాదండి, అటెండరండి, పూర్వం గంట కొట్టేవారని పిల్లలు అలా పిలుస్తారంది. గంట ఇప్పుడు సర్వరు కొడుతోంది కదా, ఇంక ఆయనకి కంప్యూటరుతో పనేముందని మిగతావారిలో పడేశాను. న్యాయమంటే అందరికీ ఒకటేనని, నాకున్న అడ్మిన్ అధికారం కూడా నేనే తీసేసుకున్నాను. ఆ సాయంత్రం మెట్లు దిగుతున్నప్పుడు నా అంత నీతిమంతురాలు కాకినాడలో ఉండదనిపించింది.

సోమవారం నా ఘనకార్యం కళ్ళారా చూసుకుందామని బస్సెక్కి పిఠాపురం వెళ్ళాను. ఎనిమిదీ ముప్పావుకి స్కూలు ఆఫీసు గదిలో అడుగుపెట్టేసరికి, గుమాస్తా మేడం పరీక్ష హాలు దగ్గర ఉన్నట్టుంది, ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన కంప్యూటరు ముందు నిలబడి ఒకే బటన్‌ని ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నారు. తెర మీద ‘మీ పాత్ర: మిగతావారు. ఈ పనికి మీకు అనుమతి లేదండి’ అని ఉంది (చివర అండి నేను పెట్టిందే, మర్యాద తప్పకూడదని). ఆయనే గంట మాస్టారు.

“రైలు గేటు పడిందంటండి. బస్సు అవతలే ఉండిపోయింది. గంట కాస్త వెనక్కి జరపాలండి, ఇది జరగనివ్వట్లేదు” అన్నారు.

గేటు పడినప్పుడల్లా డ్రైవరు ఫోన్ చెయ్యడం, ఈయన గంటని అయిదో పదో నిమిషాలు జరిపి, ఆ నిమిషాలు సాయంత్రం ఆటల పీరియడ్లోంచి తీసెయ్యడం ఏళ్ళ తరబడి జరుగుతోందట. ఎవరూ చెయ్యమన్లేదు, ఎవరూ వద్దన్లేదు. నేను మాత్రం చేతులు కట్టుకుని, ఇకనుంచి గంట మార్చే అనుమతి ప్రిన్సిపాల్ గారికి ఒక్కరికేనండి అని వివరించాను. ప్రిన్సిపాల్ గారు కాకినాడలో మీటింగులో ఉన్నారు, ఫోన్ ఎత్తడం లేదు. బాస్ బండి మీద ఉన్నట్టున్నారు, ఆయనా ఎత్తలేదు. నా అధికారం నేనే తీసేసుకున్నానాయె. తొమ్మిది గంట మోగితే హాలు తలుపులు వేసేస్తారు, తర్వాత వచ్చినవాళ్ళకి పేపరివ్వరు, అది ఆ స్కూలు రూలు. బస్సులో ముప్ఫై మంది పిల్లలున్నారు, సగం మంది పదో తరగతి వాళ్ళు. గోడ గడియారం తొమ్మిదికి నాలుగు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

“వాళ్ళ తప్పేం లేదు కదండి, గేటుది కదా” అన్నారాయన, ఎవరినీ నిందించకుండా. గడియారం వంక ఒకసారి చూసి వరండాలోకి నడిచారు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన స్పీకరు కింద ఉన్న ప్లగ్గు మీద చెయ్యి వేసి ఆగి, నా వంక చూశారు.

“దీనికి అనుమతి కావాలాండి?”

వెటకారం కాదు. నిజంగానే అడిగారు. అక్కర్లేదండి అన్నాను. ప్లగ్గు పీకేశారు.

తొమ్మిదైంది. ఏమీ మోగలేదు. హాలు గుమ్మం దగ్గర టీచర్లు పేపర్ల కట్టలు పట్టుకుని గంట కోసం చూస్తూ నిలబడ్డారు (ఆ స్కూల్లో వాచీని నమ్మేవాళ్ళు లేరు, గంటనే నమ్ముతారు). తొమ్మిదీ ఎనిమిదికి బస్సొచ్చింది. పిల్లలు బ్యాగులు వరండాలో పడేసి అట్టలు చంకలో పెట్టుకుని పరిగెత్తారు. ఆఖరి పిల్ల గుమ్మం దాటేదాకా చూసి, ఆయన వరండా చివర వేలాడుతున్న పాత రైలు పట్టా ముక్కని ఇనప కడ్డీతో కొట్టారు. నేను రాసిన కోడ్ ఏదీ అంత చక్కగా పనిచెయ్యగా ఆ తర్వాత కూడా చూడలేదు.

బాస్ ఫోన్ కలిసిన వెంటనే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ సాయంత్రమే ఆయన లాగిన్‌తో ఇంకో పాత్ర తయారుచేశాను. దానికి ఒకటే అనుమతి, గంటని పది నిమిషాల దాకా జరపడం. పాత్ర పేరు ‘గంట మాస్టారు గారు’. ఒక్క మనిషి కోసం ఒక పాత్రేంటమ్మా అని బాస్ అంటే, ఆ పని ఒక్కరే చేస్తున్నారండి అన్నాను.

చాలా ఏళ్ళయింది. మొన్నామధ్య వేరే పని మీద ఆ స్కూలుకి ఫోన్ చేస్తే గుమాస్తా మేడమే ఎత్తింది. గంట మాస్టారు రిటైరయి కూతురి దగ్గర రాజమండ్రిలో ఉంటున్నారట. మరి ఆ పాత్ర తీసేశారాండి అని అడిగాను.

“అబ్బే, తియ్యలేదండి. గేటు పడుతూనే ఉంటుంది కదా. ఇప్పుడు నేనేనండి గంట మాస్టారు గారు” అంది, ‘గారు’ దగ్గర కొంచెం సిగ్గుపడుతూ.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నాలో నేను నవ్వుకున్నాను. తన పేరుకి ఎన్నడూ గారు పెట్టుకోని మనిషికి చివరికి అది నా పట్టికలోంచి దక్కింది. ఇప్పటికీ కొత్త పని మొదలుపెట్టి ఎవరెవరికి ఏ పాత్రో రాసుకుంటూ ఉంటే, ఆఖరి వరుసలో ‘మిగతావారు’ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఆ మాటని అంత ధీమాగా రాసి, కోడికూర తిన్నంత సంతోషంగా మెట్లు దిగిపోయిన ఆ అమ్మాయి మీద కోపం రాదు. పాపం, దానికి అప్పటికి ఒక్కరోజు కూడా గేటు పడలేదు.